భోజనాల హాల్లో ప్లగ్ అడగని హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్

హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ అంటే బొమ్మని నెట్‌వర్క్ కేబుల్ మీద దూరంలో ఉన్న టీవీకి పంపే రెండు పెట్టెల సెట్టు. ఈ ఎక్స్‌టెండర్‌లో నాకు నచ్చింది బొమ్మ కాదు, దూరం కూడా కాదు. టీవీ వైపు పెట్టే పెట్టెకి విడిగా ప్లగ్ అక్కర్లేదు, అదే నచ్చింది. వీడియో మిక్సర్ (కెమెరాల బొమ్మలు కలిపే మెషీన్) దగ్గరున్న పెట్టెకి ఒక్క అడాప్టర్ తగిలిస్తే చాలు, అవతలి పెట్టెకి కావాల్సిన కరెంటు బొమ్మతో పాటే అదే క్యాట్ 6 కేబుల్లో వెళ్తుంది. డబ్బా మీద పీఓసీ (పవర్ ఓవర్ కేబుల్, అంటే కేబుల్లోనే కరెంటు) అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది చదవరు.

ఇందులో అంత సంతోషించేది ఏముందంటే, కల్యాణ మండపం చూసుకునేవాళ్లకే తెలుస్తుంది. మా బాబాయి మండపంలో ముహూర్తం పైన స్టేజీ మీద, భోజనాలు వెనక హాల్లో. మధ్యలో కేబుల్ తిరిగే దారి నలభై అయిదు మీటర్ల దాకా ఉంటుంది. తాళి కట్టేది భోంచేస్తున్నవాళ్లకి కూడా కనిపించాలని హాల్లో గోడకి టీవీ పెట్టాం. టీవీ వెనక ఎత్తులో ఉన్నది ఒక్కటే ప్లగ్ పాయింటు, అది టీవీకే సరిపోతుంది. రిసీవర్‌కి, అంటే టీవీ వైపు పెట్టెకి, ఇంకోటి కావాలంటే కింది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగాలి. భోజనాల హాల్లో కింద కనిపించే ప్లగ్ అందరి సొత్తు. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ వాళ్లు ఒకటి పీకుతారు, కాఫీ మెషీన్ వాళ్లు ఇంకోటి పీకుతారు, పెళ్లికూతురి పిన్నిగారి అబ్బాయి ఫోన్ చార్జింగ్‌కి మరోటి పీకుతాడు. "అది టీవీదండీ" అంటే, "అయ్యో, తెలీలేదండి" అంటారు. నిజంగానే తెలీదు వాళ్లకి.

పాత సెట్టుతో ఇదే గోల. అది నెట్‌వర్క్ రకం, బొమ్మని కుదించి పంపి అవతల మళ్లీ విప్పేది. ఆ కుదించి విప్పే పనికి పట్టే సమయం తెరమీద తెలిసిపోయేది. భజంత్రీల గట్టిమేళం తలుపులోంచి నేరుగా వినిపిస్తుంటే, టీవీలో పెళ్లికొడుకు చేతులు ఇంకా వధువు మెడ దగ్గరికి చేరేవి కావు. వేరే చోట అయితే ఎవరూ గమనించరు. పక్క హాల్లోంచి అసలు శబ్దం వచ్చే చోట అందరూ గమనిస్తారు. కొత్తది బొమ్మని కుదించకుండా పంపే రకం కాబట్టి ఆ బెడద పోయింది.

కొన్న కొత్తలో, మాఘమాసం పెళ్లిళ్లలో, దీని గురించి నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఒక తీగ లాగండి, రెండు కొసలా తగిలించండి, అయిపోయింది అని. కెమెరా కుర్రాళ్లు ఎవరొచ్చినా తమ మిక్సర్ నుంచి వైరు తెచ్చి మా పెట్టెకి గుచ్చేవారు, బొమ్మ వచ్చేది. వైశాఖం వచ్చేదాకా కథ ఇంతే.

వైశాఖంలో ఒక రాత్రి ముహూర్తం. రెండో బంతి నడుస్తోంది. తెర ఉన్నట్టుండి నల్లబడింది, నాలుగైదు సెకన్లకి మళ్లీ వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. అలా పోతూ వస్తూ, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి పోయి ఇక రాలేదు. మొదటి వరుసలో ఒక పెద్దావిడ నెయ్యి వేయించుకుంటున్న చెయ్యి వెనక్కి తీసుకుని, "ఏమయ్యా, పెట్టేశారా, ఇంకా పెట్టలేదా?" అని నన్నే అడిగారు. విస్తరి ముందు నుంచి లేవలేరు, లేవకపోతే ముహూర్తం చూడలేరు. నేను స్టేజీ దగ్గరికీ హాల్లోకీ పరిగెత్తడమే సరిపోయింది. తాళి కట్టే వేళకి బొమ్మ దానంతటదే వచ్చింది, పెళ్లివారు ఏమీ అనలేదు. బాబాయి మాత్రం అన్నాడు.

మర్నాడు మొదలైంది అసలు వెతుకులాట. హెచ్‌డీఎంఐ వైర్లు మార్చాం, టీవీ మార్చాం. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ వచ్చి నెట్‌వర్క్ కేబుళ్లు పరీక్షించే లాన్ టెస్టర్ పెట్టాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చ లైట్లు వరసగా వెలిగాయి. "కేబుల్ బ్రహ్మాండంగా ఉందండి, మీ మెషీనే పోయింది" అని వెళ్లిపోయాడు. పొద్దున పూట ఎంతసేపు చూసినా బొమ్మ చెక్కుచెదరలేదు. సాయంత్రం, కేటరింగ్ పొయ్యిలు వెలిగాక, మళ్లీ మొదలు.

పట్టుకున్నది ఆ వారం ఇంకో పెళ్లికి వచ్చిన మిక్సింగ్ కుర్రాడు. నిచ్చెనెక్కి టీవీ వెనక రిసీవర్‌నే చూస్తూ కూర్చున్నాడు. తెర నల్లబడగానే కిందికి అరిచాడు: "అన్నా, లింక్ లైటు కాదు, పవర్ లైటే ఆరిపోతోంది!" ఈ ఒక్క ముక్క అంతకుముందు ఎవరూ చూడలేదు. బొమ్మ దారిలో తప్పిపోయుంటే లింక్ లైటు మాత్రమే ఆరాలి, పవర్ లైటు వెలుగుతూనే ఉండాలి. ఇక్కడ పెట్టెకే కరెంటు చాలక ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి లేస్తోంది. రిసీవర్‌కి విడిగా అడాప్టర్ పెట్టుకునే రంధ్రం కూడా ఉంటుంది. అతను తన సంచీలోంచి అదే వోల్టు అడాప్టర్ ఒకటి తీసి గుచ్చాడు. ఆ రాత్రంతా తెర మళ్లీ నల్లబడలేదు.

అంటే తప్పు తీగది. కేబుల్ కొస కత్తిరించి, లోపలి నారింజ రంగు తీగ ఒకటి ఒలిచి బ్లేడుతో గీశాం. పైన రాగి రంగు పొడిలా రాలింది, కింద తెల్లగా మెరిసింది. అల్యూమినియం తీగకి రాగి పూత. బజార్లో దీన్ని సీసీఏ అంటారు. షాపువాడు క్యాట్ 6 అనే ఇచ్చాడు, కేబుల్ పై తొడుగు మీద కూడా క్యాట్ 6 అనే అచ్చు వేసి ఉంది. నిజానికి క్యాట్ 6 ప్రమాణం ప్రకారం లోపల మొత్తం రాగే ఉండాలి. ఈ రకం తీగ అంతే మందం రాగి తీగ కంటే కరెంటుకి సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ అడ్డుపడుతుంది. పొడవు పెరిగే కొద్దీ అవతలి కొసకి చేరే వోల్టేజీ పడిపోతుంది. తీగ వేడెక్కితే అడ్డు ఇంకా పెరుగుతుంది. మా కేబుల్ వెళ్లేది వంటశాల పక్కన రేకుల కింద. మాఘంలో అది అంచు మీద నెట్టుకొచ్చింది, వైశాఖంలో ఆ కాస్త కూడా దక్కలేదు. టెస్టర్ లైట్లు చెప్పేది తీగ తెగిందా లేదా అన్నదే. ఆ తీగ దేనితో చేసిందో, ఎంత కరెంటు మోయగలదో చెప్పవు. ఎలక్ట్రీషియన్ అబద్ధం ఆడలేదు, అతని టెస్టర్‌కి అంతే తెలుసు.

కొత్త కేబుల్ కొనేటప్పుడు బ్లేడు జేబులో పెట్టుకునే వెళ్లాను. అసలు రాగి కేబుల్ చుట్ట చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది, బరువు తేడా అంత. ఖరీదు కూడా అలాగే ఉంది. ఈసారి మధ్యలో ఎక్కడా జాయింటు లేకుండా ఒకే ముక్క, కరెంటు వైర్ల పైపులో కాకుండా వేరే పైపులో వేయించాను. రెండు కొసలా రంగుల వరస ఒకటే: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. తర్వాత వచ్చిన ఎండాకాలం పెళ్లిళ్లన్నీ దాటేసింది, పవర్ లైటు ఆరలేదు.

అయినా మొదట్లో చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పను. ప్లగ్ అక్కర్లేదన్న సుఖం మొత్తం తీగ మీద ఆధారపడింది. బొమ్మ మాత్రమే వెళ్లే కేబుల్ అయితే నాసిరకం తీగ మీద కూడా కొన్నాళ్లు ఈడ్చుకొచ్చేది, కరెంటు కూడా దాని నెత్తిన పెట్టాం కాబట్టే కూలబడింది. డబ్బా మీద 60 మీటర్లు అని ఉన్నది 1080పీ (ఫుల్ హెచ్‌డీ) బొమ్మకి, మంచి రాగి కేబుల్‌కి చెప్పిన లెక్క. మా దూరంలో నడిచింది, అంతకు మించి నేను పూచీ పడను. బొమ్మ వెనకబడదు అన్నాను కదా, పెట్టె వరకు అది నిజం. కానీ మిక్సర్ తనే కొన్ని ఫ్రేములు పట్టి ఉంచుతుంది, చెవి చురుకైనవాళ్లు గట్టిమేళం దగ్గర ఇప్పటికీ పట్టేస్తారు.

ఇంకో జాగ్రత్త. దీని కొస చూస్తే మామూలు ఇంటర్నెట్ వైరులాగే ఉంటుంది, కానీ అందులో కరెంటు ఉంది. ఒక పెళ్లిలో లైవ్ ఇచ్చేవాళ్లు వైఫై కోసమని దాన్ని తీసి తమ రూటర్‌లో పెట్టబోయారు. పెట్టి ఉంటే రూటరో, మా పెట్టెలో పోర్టో పోయేదేమో. ఇప్పుడు రెండు కొసలకీ ఎర్ర టేపు చుట్టి, "టీవీది, తియ్యొద్దు" అని స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను. ఇది నెట్‌వర్క్ స్విచ్ మధ్యలో పెట్టి పంచుకునే రకం కాదు, పెట్టె నుంచి పెట్టెకి నేరుగా వెళ్లాలి.

పంపే పెట్టెకి ఇంకో టీవీ తగిలించుకునే అవుట్‌పుట్ ఉంది. దానికి చిన్న పాత మానిటర్ తగిలిస్తే మిక్సర్ ఆ మానిటర్ స్థాయికే బొమ్మ దించేస్తుంది, హాల్లో పెద్ద టీవీ మసకబారుతుంది. ఆ అవుట్‌పుట్ ఖాళీగా ఉంచేశాను. రిమోట్ సిగ్నల్ వెనక్కి పంపే కన్ను కూడా ఇచ్చారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో సెట్‌టాప్ బాక్స్ తగిలించి క్రికెట్ పెట్టినప్పుడు, హాల్లోనే కూర్చుని చానెల్ మార్చడానికి పనికొచ్చింది.

కెమెరావాళ్లలో కాస్త పెద్ద యూనిట్లున్నవాళ్లు దీన్ని చూసి పెదవి విరుస్తారు. వాళ్ల లెక్కలో ఎస్‌డీఐ (పెద్ద వీడియో కెమెరాలు వాడే కనెక్షన్) కోయాక్సియల్ కేబుల్ లాగి టీవీ దగ్గర కన్వర్టర్ పెట్టడమే సరైన పద్ధతి. కాదనను. కానీ ఆ కన్వర్టర్‌కి టీవీ దగ్గర మళ్లీ ఒక ప్లగ్ కావాలి, నా గొడవంతా ఆ ప్లగ్గే. పైగా మా మండపానికి వచ్చేవాళ్లలో చాలామంది మిక్సర్లకి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటుంది. 4కే కావాలన్నా, వంద మీటర్ల దాకా వెళ్లాలన్నా హెచ్‌డీబేస్‌టీ (ఇలాగే నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఇంకా పెద్ద పద్ధతి) లాంటి రకం చూసుకోవాలి, దాని ధర వేరే లోకం. లోపల ఫైబర్ ఉండే రెడీమేడ్ హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా అడిగి చూశాను. దానికి పంపే కొస, అందుకునే కొస అని వేర్వేరుగా ఉంటాయి, తిప్పి పెడితే పనిచెయ్యదు. గట్టిగా మడత పడితే అక్కడితో సరి. కుర్చీలు ఈడ్చే చోట, వంటపాత్రలు దొర్లే చోట నాకు ధైర్యం చాల్లేదు.

టీవీ పక్కన ఎవరూ ముట్టుకోని ప్లగ్ ఉన్నవాళ్లకి పీఓసీ కోసం అదనంగా డబ్బు పెట్టమని నేను చెప్పను, మామూలు రెండు అడాప్టర్ల సెట్టు చాలు. మా హాలు లాంటిదే అయితే కొనండి, పెట్టెకి ఎంత ఖర్చవుతుందో తీగకి కూడా అంత అవుతుందని లెక్క వేసుకుని కొనండి. రిసీవర్‌కి సరిపోయే అడాప్టర్ ఒకటి ఇప్పుడు ఆఫీసు బీరువాలో ఉంచాను. ఈ మధ్య దాని అవసరం పడలేదు, బాబాయి అయితే దాన్ని అక్కడి నుంచి కదలనివ్వడు.