రెండు పొడుల డెవలపర్, మూడు ఎండాకాలాలు

మెటాల్ 7.5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, లీటరు అయ్యేదాకా నీళ్లు. డి-23 అంటే ఇంతే, ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే డెవలపర్‌కి కోడాక్ వాళ్ల పాత ఫార్ములా. మల్కాజ్‌గిరిలో మా ఫ్లాట్ బాత్రూమే నా డార్క్‌రూమ్. మూడేళ్లుగా అక్కడ కడిగిన 4×5 అంగుళాల ఫిల్మ్ షీట్లలో ఎక్కువ శాతం దీంతో కడిగినవే.

అంతకుముందు డి-76 అనే ఇంకో డెవలపర్ కలిపేదాన్ని. దానికి హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు కూడా కావాలి. మంచి డెవలపరే. కానీ కలుపుదామని కూర్చున్న రోజే నాలుగు డబ్బాల్లో ఏదో ఒకటి నిండుకునేది. రెండు డబ్బాలైతే ఆ గొడవ సగం తగ్గుతుందని డి-23కి మారాను.

కలపడంలో ఒకటే కిటుకు. సల్ఫైట్ మొత్తం ముందే పోస్తే మెటాల్ ఇక కరగనని మొండికేస్తుంది, తెల్లటి పొట్టులా పైన తేలుతుంది. అందుకని సుమారు 50 డిగ్రీల వేడి ఉన్న ముప్పావు లీటరు నీళ్లలో ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్ మొత్తం, అది పూర్తిగా కరిగాక మిగతా సల్ఫైట్ కొంచెం కొంచెంగా వేస్తాను. మొదట మజ్జిగ తేటలా మసగ్గా ఉంటుంది, కలుపుతూ ఉంటే తేరుకుంటుంది. తూకానికి బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా సరిపోతుంది. గ్లవ్స్ మాత్రం తప్పనిసరి. మెటాల్ కొందరి చర్మానికి పడదు. నా వేళ్ల సందుల్లో దురద మొదలయ్యాకే నాకు బుద్ధొచ్చింది.

ఇక సల్ఫైట్ కథ. మొదటి ఏడాది ఒక కెమికల్ షాపులో అరకిలో కొన్నాను. ఆ రోజు కడిగిన నాలుగు షీట్లూ గాజుపలకల్లా తెల్లగా వచ్చాయి. కెమెరా షట్టర్‌ని అనుమానించాను, ఫిల్మ్ పెట్టే హోల్డర్‌ని అనుమానించాను, చివరికి నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత ప్యాకెట్ తిప్పి చూస్తే దాని మీద ఉన్నది సోడియం సల్ఫేట్! తిరిగి వెళ్లి అడిగితే, "రెండూ తెల్లపొడే కదా మేడమ్" అన్నాడాయన. సల్ఫేట్‌లో మెటాల్‌కి కావలసిన క్షారం లేదు, ఫిల్మ్ మీద బొమ్మ ఎలా లేస్తుంది? అప్పటినుంచి కొత్త ప్యాకెట్ విప్పగానే చిటికెడు పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తాను. అగ్గిపుల్ల గీసినట్టు ఘాటు వాసన వస్తే సల్ఫైట్, రాకపోతే కాదు. ముక్కు దగ్గరికి పెట్టి పీల్చకండి. ఇంకో సంగతి, అడగాల్సింది 'అన్‌హైడ్రస్' సల్ఫైట్. స్ఫటికాల రకం ఇస్తే 100కి బదులు 200 గ్రాములు వెయ్యాలి. వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే గాలి తగిలి అది కూడా మెల్లగా సల్ఫేట్‌గా మారుతుంది.

కలిపిన ద్రావణాన్ని అమ్మ తాగేసిన అరిష్టం సీసాల్లో దాస్తాను. ముదురు గోధుమ రంగు, బిగుతైన మూత, ఇంతకన్నా ఏం కావాలి? సగం వాడేశాక లోపల గోళీలు వేసి మట్టం మెడదాకా తెస్తాను. పాత లేబుల్ మాత్రం పూర్తిగా గీకెయ్యాలి. ఒకసారి అమ్మ "ఇది ఎప్పుడు తెచ్చావే?" అని మూత తియ్యబోయింది. ఇప్పుడు ఎర్ర స్కెచ్‌తో 'విషం' అని రాసి, పైఅరలో పెట్టి తాళం వేస్తున్నా.

మా బోరు నీళ్ల ఉప్పుకి ఫిల్మ్ మీద తెల్లమచ్చలు పడతాయి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడటం మొదలుపెట్టాక అవి పోయాయి. అసలు టెన్షన్ మే నెలది. పైన ట్యాంకులో నీళ్లు చెయ్యి కాలేలా వస్తాయి. 20 డిగ్రీలు కావాలంటే ఫ్రిజ్ ఖాళీ చెయ్యాలి, అందుకే 24 దగ్గరే రాజీపడ్డాను. 20 దగ్గర పది నిమిషాలు పట్టేది 24లో ఏడుకే అయిపోతుంది. స్టీలు బేసిన్‌లో ఐసు నీళ్లు, దానిలో ట్రే, ట్రేలో థర్మామీటరు. హైపో (బొమ్మని స్థిరపరిచే ద్రావణం), కడిగే నీళ్లు కూడా అదే వేడికి దగ్గరగా ఉంచుతాను.

డి-23 నాకు బాగా నచ్చింది ఎక్స్‌రే ఫిల్మ్ మీద. 8×10 షీట్‌ని ఎర్రదీపం వెలుగులో నాలుగు ముక్కలు చేసుకోవచ్చు, హోల్డర్‌లో దూరడానికి వెంట్రుకవాసి తక్కువగా కోయాలి. గ్రీన్ సెన్సిటివ్ రకం, అంటే ఎర్ర వెలుగు సోకనిది కాబట్టి ఆ దీపానికి పాడవదు. రెండువైపులా ఎమల్షన్ (బొమ్మ పడే పూత) ఉంటుంది కనుక ట్రే అడుగున గాజుపలక వేసి, ఒక్కో షీటే కడుగుతాను. ఈ ఫిల్మ్‌కి పుట్టుకతోనే కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) ఎక్కువ, డి-23 దాన్ని లొంగదీస్తుంది. మిట్టమధ్యాహ్నం ఖాజాగూడ గుట్టల మీద తీసిన నెగటివ్‌లో ఎండపడ్డ బండ మీది గరుకు కూడా నిలిచింది, మాడిపోలేదు. ఒకటికొకటి నీళ్లు కలిపి, 24 దగ్గర ఏడు నిమిషాలు, వాడాక పారబోయడమే.

మబ్బు రోజుల్లో మాత్రం ఈ మెతకతనమే చిక్కు. జూలైలో మోండా మార్కెట్‌లో తీసినవన్నీ చప్పగా, పప్పులో ఉప్పు మరిచినట్టు వచ్చాయి. సమయం పెంచి చూశాను, పెద్ద తేడా రాలేదు. అందుకే పోయిన నెల డి-76 కోసం మళ్లీ హైడ్రోక్వినోన్, బోరాక్స్ కొన్నాను. ఈసారి పేర్లు చీటీ మీద రాసుకుని వెళ్లి, ప్యాకెట్ మీద చదివాకే డబ్బులిచ్చాను.