ముహూర్తం పెళ్ళికి ఏ కెమెరా: పాత 5డి మార్క్ 3, కొత్త ఆర్50 పక్కపక్కన

కేనన్ 5డి మార్క్ 3 వచ్చింది 2012లో. ఈఓఎస్ ఆర్50 వచ్చింది 2023లో. మొదటిది ఒకప్పుడు పెళ్ళి ఫోటోగ్రాఫర్లు అప్పు చేసి మరీ కొన్న బాడీ. రెండోది కొత్తగా నేర్చుకునేవాళ్లకు, వీడియోలు పెట్టుకునేవాళ్లకు తయారైన చిన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా). ఒకటి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు), 22.3 మెగాపిక్సెల్. ఇంకోటి ఏపీఎస్-సీ (అంతకంటే చిన్న సెన్సరు), 24.2 మెగాపిక్సెల్. నెల్లూరు, ఒంగోలు మండపాల్లో చాన్నాళ్లుగా రెండూ ఒకే బ్యాగులో తిరుగుతున్నాయి. ఈ సమీక్ష ఆ వాడకం మీద రాసింది.

మెగాపిక్సెళ్ల సంగతి ముందే తీసి పక్కన పెడదాం. 5డి ఫోటో 5760 చుక్కల వెడల్పు, ఆర్50 ఫోటో 6000. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 19 అంగుళాలు ఒకటి, 20 అంగుళాలు ఇంకోటి. 12×36 ఆల్బం షీట్ మీద మూడు నాలుగు ఫోటోలు పేర్చేవాళ్లకు ఈ తేడా కంటికి కూడా ఆనదు.

అసలు తేడా జీలకర్ర బెల్లం దగ్గర బయటపడుతుంది. తెర దించగానే నాలుగైదు సెకన్లు, అంతే. పెళ్ళికూతురి చెయ్యి పెళ్ళికొడుకు తల మీద, ఆయన చెయ్యి ఆవిడ తల మీద. మోచేతులు మొహాలకు అడ్డం. నుదుట బాసికం, వెనక పురోహితుడు, ఆ వెనక తొంగిచూసే మేనత్తలు. 5డిలో 61 ఫోకస్ పాయింట్లున్నాయి, అందులో 41 క్రాస్ టైపు. కానీ అన్నీ ఫ్రేము మధ్యలోనే గుంపుగా ఉంటాయి. మొహం అంచుకు పోతే పాయింటు అక్కడిదాకా రాదు. మధ్యలో ఫోకస్ పట్టి కెమెరా తిప్పితే, లెన్సు బాగా తెరుచుకున్న ఎఫ్/1.8 దగ్గర కన్ను వదిలేసి చెవి షార్ప్‌గా వస్తుంది. పైగా ఏఐ సర్వోలో (కదిలేవాళ్లను వెంటాడే ఫోకస్) ఆ పాయింట్లు ఎర్రగా వెలగవు, నల్లగానే ఉంటాయి. మసక వెలుతురులో నల్ల కోటు మీద నల్ల చతురస్రం వెతుక్కోవడం ఎంత విసుగో వాడినవాళ్లకే తెలుసు. అందుకే మండపంలో 5డిని వన్ షాట్‌లో (ఒకసారి పట్టి ఆగే ఫోకస్) పెట్టి, జాయ్‌స్టిక్‌తో పాయింటు ముందే మొహం మీదికి జరిపి ఉంచుకోవాలి.

ఆర్50 ఈ పనిని దాదాపు తనే చేస్తుంది. కన్ను దొరికితే ఫ్రేము అంచులో ఉన్నా వదలదు. చెడేది ఎక్కడంటే, మోచెయ్యి అడ్డం రాగానే ఫోకస్ చూపే డబ్బా ఎగిరి వెనకున్న పురోహితుడి మొహం మీద కూర్చుంటుంది. చెయ్యి తీశాక కూడా కొన్నిసార్లు అక్కడే ఉండిపోతుంది. దీనికి మందు: హోల్ ఏరియా (ఫ్రేమంతా కెమెరాయే వెతుక్కోవడం) మానేసి సర్వోలో 1-పాయింట్‌తో మొదలుపెట్టడం, లేదా స్క్రీను మీద కావలసిన మొహాన్ని వేలితో తాకి పట్టించడం. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి బొటనవేలితో స్క్రీను మీద రాసి పాయింటు జరపడానికి టచ్ అండ్ డ్రాగ్ సెట్టింగు ఉంది. ముక్కు తగిలి పాయింటు ఎక్కడికో పోతుంటే స్క్రీను కుడి సగం మాత్రమే పనిచేసేలా పెట్టుకోవచ్చు. జాయ్‌స్టిక్ లేని లోటు దీనితో ముప్పాతిక వంతు తీరుతుంది, మొత్తం తీరదు.

ఇంకో తేడా, ఎక్కువమంది పట్టించుకోనిది. 5డిలో ఫోకస్ చూసేది అద్దం కింద ఉన్న వేరే సెన్సర్. అందువల్ల లెన్సుకూ బాడీకీ కాస్త లెక్క తప్పితే ప్రతి ఫోటో ఒక వేలు ముందుకో వెనక్కో పోతుంది. మైక్రో అడ్జస్ట్‌మెంట్ చేసుకోవాలి. కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, లెన్సు ఫోకల్ లెంగ్తుకు 50 రెట్ల దూరంలో (50 మి.మీ. లెన్సుకు రెండున్నర మీటర్లు) అక్షరాలున్న అట్ట ఏదైనా నిలబెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, మైనస్ 5, సున్నా, ప్లస్ 5 దగ్గర మూడేసి ఫోటోలు తీసి కంప్యూటర్‌లో చూడాలి. ప్రతి ఫోటోకు ముందు ఫోకస్ రింగు పూర్తిగా తిప్పేసి, మళ్లీ కొత్తగా పట్టించాలి. సర్దుబాటు ప్లస్ మైనస్ 20 దాకా ఉంది, జూమ్ లెన్సుకు వైడ్ వైపు వేరు, టెలీ వైపు వేరు. ఆర్50కి ఈ తద్దినం లేదు, ఫోటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది కాబట్టి.

ఇంతవరకు చదివి 5డి అమ్మేద్దాం అనుకునేవాళ్లు ఫ్లాష్ దగ్గర ఆగాలి. ఆర్50 నెత్తిన, ఫ్లాషు తగిలించే చోట ఉన్నది మల్టీ ఫంక్షన్ షూ. మామూలు హాట్ షూలో మధ్యన ఉండే పిన్ను దీనికి లేదు. స్టూడియోలో పదేళ్లుగా వాడుతున్న ఫ్లాషు గానీ, రేడియో ట్రిగ్గరు గానీ నేరుగా తగిలిస్తే వెలగదు. ఏడీ-ఈ1 అనే అడాప్టర్ విడిగా కొనాలి. దాని మీద ఫ్లాషు పెడితే చిన్న బాడీ మీద పెద్ద తల లేచి, కెమెరా పైకి తూగుతుంది. ఇంకో చిక్కు: చీకట్లో పాత ఫ్లాషు విసిరే ఎర్ర గీతల సాయంతో 5డి ఫోకస్ పట్టేస్తుంది, ఆర్50కి ఆ గీతలు అక్కరకు రావు. ఆర్50 మైనస్ 4 ఈవీ (దాదాపు చీకటి) వెలుతురులోనూ ఫోకస్ పడుతుందని రాసి ఉంటుంది గానీ, ఆ లెక్క ఎఫ్/1.2 లెన్సుతో చెప్పింది. కిట్ లెన్సు పెట్టుకుని ఆ మాట నమ్మితే అర్ధరాత్రి ఎదురుకోళ్ల దగ్గర లెన్సు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూనే ఉంటుంది.

ఆర్50లో ట్రిగ్గర్‌తో మాన్యువల్‌గా తీసేటప్పుడు వ్యూఫైండర్ నల్లగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ (ఫోటో ఎంత వెలుగుగా వస్తుందో ముందే చూపే సెట్టింగు) ఆపేస్తే మొహాలు కనిపిస్తాయి. 5డిలో ఇలాంటి తంటా ఉండదు, అద్దంలో ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టే. కాకపోతే సింక్, అంటే ఫ్లాషుతో కుదిరే అత్యధిక షటర్ వేగం, 1/200. సాదా ట్రిగ్గర్లతో 1/200 దగ్గర ఫోటో ఒక అంచున నల్ల పట్టీ వస్తే 1/160కి దిగండి, పోతుంది. ఆర్50 సింక్ 1/250. రెండింటికీ పనికొచ్చే ఆరంభం: ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందన) 800, ఎఫ్/4, 1/125, ఫ్లాషు 1/8 పవర్‌లో సీలింగుకు కొట్టడం. సీలింగుకు గులాబీ రంగు గుడ్డ కట్టిన మండపాల్లో మాత్రం వద్దు. ఆ రంగంతా పెళ్ళికూతురి మొహం మీద పడుతుంది, కంప్యూటర్‌లో దిద్దినా పట్టుచీర రంగు చెడుతుంది.

ఫ్లాషు లేకుండా తీస్తే సెన్సరు సైజు మాట్లాడుతుంది. ఫుల్ ఫ్రేమ్ వైశాల్యం ఏపీఎస్-సీకి రెండున్నర రెట్లు. 5డి ఫైలు ఐఎస్ఓ 3200 దగ్గర హాయిగా ఉంటుంది, 6400 పనికొస్తుంది. ఆర్50 1600 దాకా శుభ్రం, 3200కి నాయిస్ సాఫ్ట్‌వేర్ కావాలి. అయితే ఐఎస్ఓ 100, 200 దగ్గర తీసి నీడల్ని పైకి లాగితే కథ తిరగబడుతుంది. 5డి నీడల్లో చారలు చారలుగా నాయిస్ లేస్తుంది, ఆర్50లో శుభ్రంగా వస్తుంది. ఎండలో ఊరేగింపు తీస్తే, తలపాగా కింద మొహం తేల్చడానికి కొత్తదే మేలు.

ఆర్50తో వచ్చే 18-45 లెన్సు పెళ్ళికి చాలదు. 45 దగ్గర అపర్చర్ ఎఫ్/6.3. ఎఫ్/2.8 కంటే రెండు స్టాపుల పైమాటే తక్కువ (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). అంటే ఎఫ్/2.8తో ఐఎస్ఓ 3200లో వచ్చే ఫోటోకు దీనితో 16000 కావాలి. చేతిలో ఉన్న ఈఎఫ్ లెన్సులు (5డి లాంటి కేనన్ కెమెరాలవి) 110 గ్రాముల ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తాయి, ఫోకస్ వేగం తగ్గదు. సెన్సరు చిన్నది కాబట్టి 50 మి.మీ. లెన్సు 80లా, 70-200 లెన్సు 112-320లా కనిపిస్తుంది. దూరం నుంచి మొహాలు తీసేవాళ్లకు లాభం. ఇరుకు ఇంట్లో పెళ్ళికూతుర్ని చేసే తంతు తీసేవాళ్లకు నష్టం: 24-70 కాస్తా 38 దగ్గర మొదలవుతుంది, వీపు గోడకు ఆనుతుంది.

ఎల్‌ఈడీ లైట్ల గోల వేరే. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఆర్50ని సైలెంట్‌గా, ఎలక్ట్రానిక్ షటర్‌లో పెడితే ఫోటో నిండా అడ్డ చారలు. మండపంలో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (మొదలు ఎలక్ట్రానిక్‌గా, ముగింపు మెకానికల్‌గా ఉండే షటర్) మీదే ఉంచి, 1/50 లేదా 1/100 వాడాలి. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే అదీ పూర్తిగా ఆదుకోదు. ఆర్50లో పూర్తి మెకానికల్ షటర్ అసలు లేదు. ఫస్ట్ కర్టెన్‌లో 1/4000 దాకానే వెళ్తుంది. ఆ వేగాల్లో ఎఫ్/1.8 లాంటి అపర్చర్‌తో తీస్తే వెనక మసక గుండ్రాలు ఒక వైపు కోసేసినట్టు వస్తాయి. 5డికి మెకానికల్‌గానే 1/8000 ఉంది.

తలంబ్రాలు ఇంకో పరీక్ష. ఆర్50 సెకనుకు 12 ఫోటోలు తీస్తుందని మురిసిపోయి బటన్ నొక్కి పట్టుకుంటే, రా ఫైళ్లు (సెన్సరు పట్టిన అసలు ఫైళ్లు) ఏడింటికే కెమెరా నిండిపోతుంది. అంటే అర సెకను పైచిలుకు. గుప్పెడు బియ్యం గాల్లోకి లేచేసరికి కెమెరా కార్డుకు రాసుకుంటూ కూర్చుంటుంది. సీ-రా (కుదించిన రా) పెడితే 15 దాకా వస్తాయి, అదే వాడాలి. 5డి సెకనుకు ఆరే, కానీ మంచి వేగమైన (యూడీఎంఏ 7) సీఎఫ్ కార్డుతో 18 రా ఫైళ్లు, మూడు సెకన్లు ఊపిరి బిగబట్టి తీస్తుంది. బియ్యపు గింజలు గాల్లో ఆగినట్టు కావాలంటే ఏ కెమెరా అయినా 1/500 పైన ఉండాలి, లేదా ఫ్లాషు వెలుగే ప్రధానం కావాలి.

5డిలో రెండు కార్డులు. కానీ ఎస్‌డీ స్లాటు నిదానం. రెండింటికీ రా రాయమంటే ఎస్‌డీ వేగానికి కెమెరా అంతా పడిపోతుంది. సీఎఫ్‌కు రా, ఎస్‌డీకి చిన్న జేపెగ్ పెట్టుకుంటే సరి. ఆర్50కి ఒక్కటే కార్డు. మంగళసూత్రధారణ ఒక్క కార్డులో, ఒక్క కాపీగా ఉండటం ఆలోచిస్తేనే చెమటలు పడతాయి. ముహూర్తం అవగానే కార్డు మార్చి, భోజనాల్లోపు ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలి.

బ్యాటరీ సంగతి చెప్పనక్కర్లేదు. కంపెనీ లెక్కలో 5డి వ్యూఫైండర్‌తో 950 ఫోటోలు, ఆర్50 వ్యూఫైండర్‌తో 230. వరసగా ఫోటోలు తీసే పెళ్ళిలో రెండూ ఇంతకంటే ఎక్కువే లాగుతాయి గానీ నిష్పత్తి అదే. ఆర్50కి నాలుగు ఎల్‌పీ-ఈ17 బ్యాటరీలు ఉంచుకోండి. పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ) ఉన్న పవర్ బ్యాంకుతో కెమెరాలోనే చార్జి చేయొచ్చు, మామూలు ఫోను చార్జరుతో అవదు.

మండపం దాటితే ఆర్50కి కాలు నిలవదు. రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువు ఘాట్ దగ్గర జనం మధ్య కెమెరాను తలకు పైగా ఎత్తి, స్క్రీను కిందికి తిప్పి తీయవచ్చు, నీళ్ల మట్టానికి దించి రొట్టె మారే చేతులూ తీయవచ్చు. 5డి స్క్రీను కదలదు, గుడ్డిగా తీయడమే. బరువు చూస్తే ఆర్50, ఆర్ఎఫ్ 50 ఎఫ్/1.8 కలిపి 535 గ్రాములు. 5డికి 70-200 ఎఫ్/2.8 లెన్సు రెండో తరంది తగిలిస్తే రెండున్నర కిలోలకు కాస్త తక్కువ. ఒంగోలు ఎద్దుల బండలాగుడు పోటీలో మరో సుఖం: తెల్లటి ఎద్దు ఫ్రేము నిండితే వెలుతురు కొలిచే మీటరు మోసపోయి బూడిద రంగు చేస్తుంది. ఆర్50 వ్యూఫైండర్‌లో హిస్టోగ్రాం (వెలుగునీడల గ్రాఫు) చూస్తూ ప్లస్ 2/3 పెట్టుకోవచ్చు, తీయకముందే తెలుస్తుంది. అక్కడ సబ్జెక్ట్ డిటెక్షన్‌లో మనిషిని పెడితే మాత్రం ఫోకస్ తోలేవాడి మొహం మీదికి పోతుంది. అది ఆపేసి జోన్ ఏఎఫ్ (ఫ్రేములో ఒక భాగంలోనే ఫోకస్) వాడండి.

దుమ్ముకూ ఉప్పు గాలికీ 5డి తట్టుకుంటుంది, ఆర్50కి వెదర్ సీలింగ్ లేదు. చీమకుర్తి క్వారీల దగ్గర దాని లెన్సు మార్చొద్దు: అద్దం అడ్డు లేదు కాబట్టి రాతి పొడి నేరుగా సెన్సరు మీద కూర్చుంటుంది. మైపాడు, కొత్తపట్నం బీచిల నుంచి వచ్చాక తడిగుడ్డ గట్టిగా పిండి బాడీని, లెన్సు రింగుల్ని తుడవాలి. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు గీతలు పడతాయి. ఏసీ హాల్లోంచి ఉక్కలోకి వచ్చేముందు రెండింటినీ బ్యాగులో జిప్పు వేసి అరగంట ఉంచండి. లేకపోతే అద్దాలకు పట్టిన చెమట తుడవడంలోనే బారాత్ అయిపోతుంది.

వీడియోకు పోటీ లేదు. ఆర్50 క్రాప్ లేని 4కె, గంట దాకా రికార్డింగు. 5డి 1080, అరగంట లోపు. ఆర్50లో మైకు జాక్ ఉంది, హెడ్‌ఫోన్ జాక్ లేదు. ఎండాకాలం బయట తీస్తే బాడీ వేడెక్కుతుంది, స్క్రీను బాడీకి దూరంగా తెరిచి ఉంచితే కొంత నయం.

సెకండ్ హ్యాండ్ 5డి కొనేవాళ్లు షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో ఆ లెక్క) చూపించమనండి. ఫోటో ఫైలులో అది ఉండదు, యూఎస్‌బీతో కలిపి సాఫ్ట్‌వేర్‌లో చూడాలి. కంపెనీ చెప్పే షటరు ఆయుష్షు 1,50,000 ఫోటోలు. పెళ్ళికి 2,500 తీసేవాళ్ల చేతిలో అది 60 పెళ్ళిళ్లు. దాటితే ఆ రోజే పోతుందని కాదు, కొత్త షటరు ఖర్చు కూడా ధరలో వేసుకోవాలని. తర్వాత టార్చి వేసి సీఎఫ్ స్లాటు లోపల పిన్నులు చూడండి. ఒక్కటి వంగినా బేరం వద్దు, నిటారు చేస్తానన్న మాటా నమ్మొద్దు. చేత్తో పట్టుకునే చోటి రబ్బరు ఉబ్బి జిగటగా ఉంటే అది చిన్న పని, అతికించుకోవచ్చు.

చేతిలో 5డి, ఫ్లాషులు, ఈఎఫ్ లెన్సులు ఇప్పటికే ఉన్నవాళ్లు అది అమ్మొద్దు. పాత చింతకాయ పచ్చడే, కానీ రాత్రి ముహూర్తానికి అదే అన్నం కలుపుతుంది. ఆర్50ని రెండో బాడీగా కొని, అడాప్టర్‌తో 85 ఎఫ్/1.8 వేసి కేండిడ్‌కు తిప్పండి. ఏమీ లేకుండా మొదలుపెట్టేవాళ్లు ఆర్50 కొనేటప్పుడు కిట్ లెన్సుతో ఆగకుండా 50 ఎఫ్/1.8, ఏడీ-ఈ1, మూడు అదనపు బ్యాటరీల ఖర్చు కలిపి చూసుకోండి, షాపులో చెప్పే ధరలో ఇవేవీ ఉండవు.