మూసీకి ఎదురుగా: గండిపేట నుంచి అనంతగిరి దాకా

హైదరాబాద్ నుంచి ఒకటి రెండు రోజుల సెలవుకు అడవినీ నీటినీ చూడాలనుకునేవారికి పడమటి దారిని మించినది లేదు. అప్పా జంక్షన్ దాటితే గండిపేట, చిలుకూరు, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్, ఆపైన అనంతగిరి. మొత్తం 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఈ దారిలో వెళితే మూసీకి ఎదురు వెళుతున్నట్టే. పైన అనంతగిరి కొండల్లో పుట్టిన నీరు కింద గండిపేటలో వచ్చి నిలుస్తుంది. అందుకే ఇక్కడ ఏ చోటు బాగుంది, ఏ బస బాగుంది అని చెప్పేటప్పుడు గదినీ భోజనాన్నీ మాత్రమే చూసి మార్కులు వేయడం నాకు సరిగా తోచదు. అక్కడి నేలను, నీటిని ఎలా చూసుకుంటున్నారో ముందు చూశాను.

గండిపేటలో ఆగండి, కానీ పొద్దున్నే ఆగండి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేశాక, వరదను అడ్డుకోవడానికీ తాగునీటికీ మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయం ఇది. 1920లో పూర్తయింది. ఏడేళ్ల తరువాత మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ జలాశయం వచ్చింది. తెల్లవారుజామున కట్ట మీద నిలబడితే నీటి మీదుగా వచ్చే గాలికి నగరం పక్కనే ఉందన్న సంగతి మరిచిపోతాం. కొత్తగా వేసిన పార్కులో నడక దారులు పిల్లలకూ పెద్దలకూ వీలుగా ఉన్నాయి. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి. రోడ్డు పొడవునా వాహనాలు, నీటి అంచున సీసా పెంకులు, పేపర్ ప్లేట్లు. గండిపేట నీళ్లు తాగినవారు హైదరాబాద్ విడిచి వెళ్లరని మన పెద్దలు అనేవారు. ఆ నీటి ఒడ్డునే మనం ఇలా వదిలేసి వస్తున్నాం.

ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదని 1996లో 111 జీవో ఇచ్చారు. ఈ పరిధిలో నూనెల పరిశ్రమ పెట్టాలన్న ఒక ప్రయత్నం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హాని జరిగేదాకా చూస్తూ కూర్చోనక్కర లేదు, హాని జరగదని చూపించాల్సిన బాధ్యత పెట్టేవారిదే అని 1999లో కోర్టు చెప్పింది. పర్యావరణ కేసుల్లో ఆ తీర్పును ఇప్పటికీ చూపిస్తుంటారు. 2022లో వచ్చిన 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, ఈ జలాశయాల మీద పెద్దగా ఆధారపడటం లేదన్నది అందుకు చెప్పిన కారణం. ఇన్నేళ్లూ భూమికి ధర రాక నష్టపోయామని ఆ గ్రామాల రైతులు అనే మాటలో న్యాయం ఉంది. వారికి పరిహారం చెల్లించే మార్గం ఎప్పుడో వెతకవలసింది. కానీ వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో నీరు ఎత్తి తెచ్చుకుంటూ, వాలులో తనంతట తానుగా వచ్చే నీటిని చెడగొట్టుకోవడం ఏం తెలివి?

చిలుకూరులో బాలాజీ దర్శనానికి వచ్చేవారిలో చాలామందికి పక్కనే మృగవని జాతీయ ఉద్యానం ఉందని తెలియదు. 1994లో ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం 3.6 చదరపు కిలోమీటర్లే. చుక్కల జింకలు, నెమళ్లు, అదృష్టం ఉంటే సాంబర్లు కనబడతాయి. గేటు దగ్గర కాపలా ఉద్యోగి మా అక్క చేతిసంచి తెరిపించి చిప్స్ ప్యాకెట్లు పక్కన పెట్టించాడు. "అమ్మా, వెళ్లేటప్పుడు తీసుకోండి. లోపల పడేస్తే జింకలు కవరుతో సహా మింగేస్తాయి" అన్నాడు. పిల్లలు కాసేపు అలిగారు. నాకైతే ఈ దారి మొత్తంలో దొరికిన ఉత్తమ సేవ అదే అనిపించింది. లోపల తినుబండారాల దుకాణం లేదు, పాటలు లేవు, ఫొటోల కోసం కట్టిన బొమ్మలు లేవు. ఉండకూడదు కూడా.

చేవెళ్ల దగ్గర రోడ్డుకు రెండు వైపులా ఉన్న మర్రిచెట్ల కోసం వేగం తగ్గించండి. పాత బీజాపూర్ రోడ్డు ఇది. దీన్ని వెడల్పు చేసే పనిలో ఈ మర్రులు పోతాయన్న ఆందోళన జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఇరుకు రోడ్డు మీద ప్రాణాలు పోతున్నాయి, అందువల్ల పని ఆగకూడదన్నవారి బాధను తక్కువ చేయలేను. నడిపేటప్పుడు నాకూ భయమేసింది. అయినా చెట్లను మధ్యలో ఉంచి పక్కన మరో వరుస వేసే ఆలోచన మొదటి రోజే, నక్షా గీసేటప్పుడే రావలసింది.

ఇక అనంతగిరి. వానాకాలంలో ఈ కొండలకు వచ్చే పచ్చదనం నగరానికి ఇంత దగ్గరలో మరెక్కడా చూడలేదు. అనంత పద్మనాభస్వామి గుడి, కిందికి దిగే మెట్లు, పాత క్షయ ఆసుపత్రి భవనాలు, పొగమంచు. కానీ శనివారం మధ్యాహ్నానికి కొండ మలుపుల్లో కార్లు కదలడం మానేశాయి. కొందరు జీపులను నేరుగా అడవి బాటలోకి దింపారు. ఆ చక్రాలు లేపిన మట్టి వానకు కొట్టుకుపోయి వాగులో కలుస్తుంది. వ్యూ పాయింట్ దగ్గర పొదల నిండా ప్లాస్టిక్ గ్లాసులే. అక్కడ వేలమంది ఆగుతున్నారు, చెత్త డబ్బాలు మాత్రం నాకు కనబడినంతలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మొదటి రాత్రి అడవి అంచున ఉన్న ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. గది శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదగా ఉన్నారు, ఈత కొలను నిండుగా ఉంది. అర్ధరాత్రి దాకా డీజే మోగింది. పొద్దున వెనక వైపు నడిస్తే వంటింటి చెత్త గుంటలో పొగలు కక్కుతోంది, మురుగు గొట్టం వాగు వైపు తిరిగి ఉంది. అడిగితే మేనేజరు, "మేడం, అతిథులు ఇవే అడుగుతారు" అన్నాడు. పాటల గురించి అయితే అది నిజమే కావచ్చు. మురుగు వాగులో కలపమని ఏ అతిథీ అడగడు. ప్రకటనలో వాళ్లు అమ్ముతున్నది అడవి. ఆ అడవి వాళ్లది కాదు, మనందరిదీ. లాభం వాళ్లకు, మురుగు గండిపేటకు. ఇలాంటి చోటికి నేను మళ్లీ వెళ్లను, ఎవరినీ వెళ్లమనను.

మరుసటి రోజు కింద ఊళ్లో ఒక రైతు కుటుంబం ఇంటి మీద గది ఇచ్చింది. ఒక ఫ్యాను, రెండు మంచాలు, బయట స్నానాల గది. జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు, వెల్లుల్లి కారం. ఆ కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు ఉందని ఇంటావిడ ఎంతో గర్వంగా చెప్పింది. తిన్నాక ఆ గర్వం న్యాయమే అనిపించింది. రిసార్టు అద్దెలో నాలుగో వంతు కూడా కాలేదు, ఆ డబ్బు ఊళ్లోనే ఉండిపోయింది. సౌకర్యాలు తప్పనిసరి అనుకునే పెద్దవారితో వెళితే కొండమీదే ఉన్న పర్యాటక శాఖ హరిత రిసార్టు సంగతి ముందుగా కనుక్కోండి.

దగ్గర్లోని దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలను నౌకాదళ కేంద్రానికి కేటాయించారు. 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణ అవసరాన్ని కాదనే స్థోమత నాకు లేదు. అయితే అంత అడవి ఒక్కసారిగా తగ్గినచోట, మిగిలిన దాని మీద వారాంతపు ఒత్తిడి తగ్గించాల్సిన అవసరం రెట్టింపవుతుంది.

ఊరు దాటలేనివారికి నగరంలోనే కేబీఆర్ పార్కు ఉంది, వనస్థలిపురం దగ్గర కృష్ణజింకల హరిణ వనస్థలి ఉంది. రెండూ జాతీయ ఉద్యానాలే. కేబీఆర్ చుట్టూ పర్యావరణ రక్షణ వలయం కొన్నిచోట్ల మూడు మీటర్లే అని తెలిసినప్పటి నుంచి అక్కడ నడుస్తున్నంతసేపూ గోడ అవతలి రోడ్డు మీదే నా దృష్టి ఉంటుంది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో 2025లో చెట్లు కూలుతుంటే సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. ప్రతిసారీ కోర్టు దాకా వెళితే తప్ప చెట్టు నిలవని పరిస్థితి మారాలి.

అనంతగిరికి కావలసింది పెద్ద పథకం కాదు. ఊటీకి, కొడైకెనాల్‌కు 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో, వాహనాలు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవలసిన ఈ-పాస్ పెట్టారు. ఇక్కడా వాహనాల లెక్క కట్టాలి, శని, ఆదివారాల్లో కార్లను కిందే ఆపి బస్సులు నడపాలి, అడవి అంచున ఉన్న ప్రతి బస మురుగు ఎక్కడికి పోతోందో తనిఖీ చేసి ఫలితాన్ని ఊరి పంచాయతీ గోడ మీద అంటించాలి. అప్పటిదాకా వెళ్లాలనుకునేవారు వారం మధ్యలో వెళ్లండి. హైదరాబాద్ నుంచి వికారాబాద్‌కు రైళ్లు ఉన్నాయి, స్టేషన్ నుంచి కొండకు ఆటో దొరుకుతుంది. బస ఖరారు చేసుకునే ముందు ఫోనులో ఒక్క మాట అడగండి: మీ మురుగు ఎక్కడికి పోతుంది?