బెల్లం షెడ్డే ఊరి కళాకేంద్రం: హోంగ్‌త్సున్ నుంచి సోంగ్‌యాంగ్ దాకా

చైనా పల్లె కట్టడాలు చూడాలంటే ఎవరైనా మొదట చెప్పే పేరు హోంగ్‌త్సున్. అన్హుయ్ ప్రావిన్స్‌లో ఉంది. పక్కనే ఉన్న షీడీతో కలిపి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను. కానీ పల్లెలో ఒక సాంస్కృతిక కేంద్రం కట్టే ఆలోచనతో వెళ్లేవాళ్లు, చేతిలో ఉన్న సెలవుల్లో ఒక్కచోటే చూడగలిగితే, జెజియాంగ్ ప్రావిన్స్‌లోని సోంగ్‌యాంగ్‌కు వెళ్లమంటాను.

హోంగ్‌త్సున్ అందానికి వంక పెట్టలేం. హాంగ్‌జౌ నుంచి హ్వాంగ్‌షాన్ నార్త్ స్టేషన్‌కు ఫాస్ట్ రైలు, అక్కడి నుంచి బస్సు. సున్నం వేసిన తెల్లగోడలు, నల్ల పెంకులు, కప్పును దాటి మెట్లుమెట్లుగా లేచిన గోడ అంచులు. వీటిని గుర్రం తల గోడలంటారు. అవి సోకుకు కట్టినవి కావు, ఒక ఇంటికి నిప్పంటుకుంటే పక్కింటికి పాకకుండా అడ్డం. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన చోట నాలుగు చూరుల నీళ్లూ లోపలికే పడతాయి. ఇంటి సిరి బయటికి పోకూడదని నమ్మకం. గోదావరి జిల్లాల మండువా లోగిలి ఎరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కాకపోతే ఇక్కడ గోడలు బాగా ఎత్తు, తెరిచిన చోటు బాగా ఇరుకు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం నీళ్ల ఏర్పాటు. ఊరి పైనున్న వాగును మళ్లించి, ఇళ్ల ముందు సన్నకాలువల్లో తిప్పి, నడుమ అర్ధచంద్రాకారపు చెరువు నింపి, దక్షిణాన ఉన్న పెద్ద చెరువులోకి వదిలారు. కొన్ని వందల ఏళ్ల కిందటి పని, ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి.

ఇక కష్టాలు. ఊళ్లోకి అడుగు పెట్టాలంటే సుమారు వంద యువాన్ల టికెట్. పొద్దున తొమ్మిది దాటితే మైకులు పట్టుకున్న గైడ్లు, వాళ్ల వెనక గుంపులు. పాత ఇంట్లోనే బస చేశాను. గదుల మధ్య చెక్క గోడలు కాబట్టి పక్క గదిలో దగ్గినా వినిపిస్తుంది. పరుపు చెమ్మ వాసన. బుకింగ్ ఫొటోలో చెరువు కనిపించే కిటికీ ఉంది, నాకిచ్చిన గదికి అసలు కిటికీయే లేదు. అడిగితే యజమాని నవ్వి, టీ పోసి, మేడ మీదికెళ్లి చూడమన్నాడు. అయినా ఒక రాత్రి ఊళ్లోనే ఉండాలంటాను, ఎందుకంటే తెల్లవారుజామున ఆ వీధులు ఊరివాళ్లవే.

అదే జిల్లాలో కాస్త దూరంలో బీషాన్ అనే ఊరుంది. టికెట్ లేదు, జనం తక్కువ. వాడకం లేని పాత కులదేవళం లాంటి పెద్ద హాలులో నాన్‌జింగ్ నగరానికి చెందిన లిబ్రేరీ అవాంట్‌గార్డ్ అనే పుస్తకాల షాపు వాళ్లు 2014లో ఒక శాఖ తెరిచారు. పాత స్తంభాల మధ్య పుస్తకాల అరలు, పైన మేడలో కాఫీ. చూడముచ్చటగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ నేనున్నంతసేపూ పుస్తకాలు తిరగేసినవాళ్లంతా నాలాగా బ్యాగులు తగిలించుకొచ్చినవాళ్లే. ఊరి పెద్దాయన ఒకరు గడప దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసి వెళ్లిపోయాడు. మన ఊళ్లో కట్టే కేంద్రానికి ఈ గతి పట్టకూడదని అప్పుడే అనుకున్నాను.

సోంగ్‌యాంగ్ వేరే లెక్క. లీష్వెయ్ జిల్లాలో కొండల మధ్య ఉన్న కౌంటీ ఇది. జాతీయ సంప్రదాయ గ్రామాల జాబితాలో ఇక్కడివే 70కి పైగా ఉన్నాయి. చాలా ఇళ్లు తెల్లగోడలు కావు, పచ్చమట్టి దిమ్మించి కట్టినవి. 2014 ప్రాంతం నుంచి బీజింగ్ ఆర్కిటెక్ట్ షూ తియెన్‌తియెన్ ఇక్కడ ఊరికొకటి చొప్పున చిన్న చిన్న కట్టడాలు డిజైన్ చేస్తూ వచ్చారు. ఈ పద్ధతికి ఆమె పెట్టిన పేరు ఆక్యుపంక్చర్. అంటే ఒళ్లంతా కోయకుండా, సరైన చోట ఒక సూది.

షింగ్ ఊళ్లో 2016లో పూర్తయిన బెల్లం ఫ్యాక్టరీ దగ్గర నేను ఒక పూటంతా గడిపాను. అనకాపల్లి వైపు పుట్టినవాడిని, బెల్లం వాసన తగిలితే కాలు కదలదు. ఇనుప చట్రం, ఇటుక గోడ, పొలాల వైపు అద్దాలు. లోపల వరుసగా పొయ్యిలు, వాటి మీద పెనాలు. మా వైపు రసమంతా ఒకే పెద్ద పెనంలో మరుగుతుంది. ఇక్కడ ఒక పెనంలో కాస్త చిక్కబడగానే పొడుగు పిడి గరిటెతో పక్క పెనంలోకి తోడతారు, అలా తోడుతూ చివరి పెనానికొచ్చేసరికి పాకం. దాన్ని చెక్క బల్ల మీద పోసి, తిరగేసి ఆరబెట్టి ముక్కలు చేస్తారు. ఒకామె వేడి ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. చుట్టూ కాస్త ఎత్తులో నడవా ఉంది. చూసేవాళ్లు అక్కడి నుంచే చూస్తారు, పనివాళ్లకు అడ్డం రారు.

ఇదివరకు ఇళ్ల దగ్గరి పొగ షెడ్లలో చేసిన పని ఇది. చెరకు సీజన్ అయిపోయాక ఇదే హాలు ఊరి సభలకు, బొమ్మలాటకు పనికొస్తుంది. ముందు పనిషెడ్డు, ఆ తర్వాతే కళాకేంద్రం. నాకు కావలసింది ఇక్కడ దొరికింది.

త్సాయ్‌జాయ్ ఊళ్లోని తోఫు (సోయా పాల పనీర్) ఫ్యాక్టరీ కూడా ఇదే తీరు, చెక్కతో కట్టింది. కొండ వాలున మెట్లుమెట్లుగా ఒక్కో గదిలో ఒక్కో పని. షీత్సాంగ్‌లో పాత భూమి పత్రాల మ్యూజియం ఉంది. హక్కా అనే చైనా జనవర్గపు కుటుంబాలు తరతరాలుగా దాచుకున్న ఒప్పంద కాగితాలవి. రాతిగోడల మధ్య, పైకప్పు చీలిక లోంచి వచ్చే వెలుగులో నడవాలి. చైనీస్ రాకపోతే కాగితాలు అర్థం కావు, గోడలు మాత్రం అర్థమవుతాయి. షీమెన్ వంతెనకు పాత రాతి స్తంభాల మీద చెక్క కప్పు వేశారు. సాయంత్రం రెండు వైపుల ఊళ్లవాళ్లూ అక్కడే కూర్చుంటారు. దాన్ని చూడ్డానికి పావుగంట చాలు, కూర్చోవాలనిపిస్తే మీ ఇష్టం.

చెన్‌జ్యాపూ కొండ అంచున వేలాడుతున్నట్టుండే ఊరు. పాత ఊరి సభామందిరాన్ని ఆర్కిటెక్ట్ జాంగ్ లేయ్ డిజైన్‌తో పుస్తకాల షాపుగా మార్చారు, 2018లో. కిటికీలోంచి లోయంతా కనిపిస్తుంది. బీషాన్ మీద పెట్టిన ఫిర్యాదే దీనికీ వర్తిస్తుంది, కాకపోతే ఆ లోయ ముందు కోపం నిలవదు.

కొండ మీద మట్టి ఇళ్లను మార్చిన హోమ్‌స్టేలు బాగా ఖరీదు. ఒక రాత్రి ఉన్నాను. మందపాటి గోడ వల్ల గది వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంది, బాత్రూమ్ శుభ్రం. కానీ రాత్రి భోజనం వాళ్ల దగ్గరే తినాలి, చెప్పిన ధరకు రెట్టింపు బిల్లు వేశారు. మిగతా రాత్రులు సోంగ్‌యాంగ్ టౌన్‌లో మామూలు హోటల్లో పడుకున్నాను. ధర సగం కూడా లేదు. పైగా పాత వీధి నడిచివెళ్లేంత దూరం. ఆ వీధిలో కమ్మరి కొలిమి, తక్కెడలు చేసేవాళ్లు, మూలికల దుకాణాలు ఇంకా నడుస్తున్నాయి.

సోంగ్‌యాంగ్‌కు 2020 నుంచి సొంత రైల్వే స్టేషన్ ఉంది. రైళ్లు తక్కువ కాబట్టి చాలామంది లీష్వెయ్‌లో దిగి రోడ్డున వస్తారు. ఊళ్లు చెల్లాచెదురుగా ఉంటాయి, రోజుకు కారు మాట్లాడుకోక తప్పదు. ఎన్ని ఊళ్లు, ఎంతసేపు అని ట్రాన్స్‌లేషన్ యాప్‌లో రాసి డ్రైవర్‌కు ముందే చూపించండి. అక్కడ డబ్బు చెల్లించే అలీపే యాప్‌కు మన కార్డు ఇండియాలోనే జతచేసుకోండి, గూగుల్ పనిచేయదు. శాకాహారులకు కాస్త టెన్షనే, ఆకుకూర కూడా పంది కొవ్వులో వేయిస్తారు. తోఫు, అన్నం, గుడ్డు తినేవాళ్లయితే కోడిగుడ్డు, వీటితో గడిచిపోతుంది.

బెల్లం వండేది చెరకు కోతలప్పుడే, అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా. వేసవిలో వెళితే ఖాళీ హాలు చూసి రావాలి. అక్టోబరు మొదటి వారం వాళ్ల జాతీయ సెలవులు, ఆ వారం మాత్రం రైలు టికెట్టూ దొరకదు, గదీ దొరకదు.