అరకుకి రైలు మేలా, కారు మేలా?

చలికాలం మొదలైతే చాలు, విశాఖలో ఉండేవాళ్ళకి చుట్టాల ఫోన్లు: అరకుకి రైల్లో పోవాలా, కారులోనా? నన్నడిగితే కొండ ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు. తిరగేశారో, సగం సరదా పోయినట్టే.

అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజర్ విశాఖలో ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. శృంగవరపుకోట దాకా పొలాలే, ఓ కునుకు తీసినా నష్టం లేదు. శివలింగపురం దాటాక మాత్రం కిటికీ వదలకండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన లైను ఇది, మన షికారు కోసం వేసింది కాదు. గూడ్సుకి దారివ్వడానికి ఏ త్యాడలోనో, చిమిడిపల్లిలోనో ఆపేస్తే విసుక్కుని లాభం లేదు. సొరంగంలోకి దూరగానే పెట్టెలో పిల్లలంతా ఒకటే కేకలు. బయటపడితే కింద లోయ. వంపు తిరిగేచోట మన బండి ఇంజనే ముందు కనబడుతుంది. ఈ లోయ అందం రోడ్డు మీంచి ఇంతగా దొరకదు.

విస్టాడోమ్ పెట్టెలో పైకప్పుకీ అద్దాలే, కుర్చీలు గుండ్రంగా తిరుగుతాయి. పెద్దవాళ్ళుంటే తీసుకోండి. కానీ ఏసీ పెట్టె, అద్దం తెరుచుకోదు. ఫోటోలో లోయ కన్నా మన మొహమే ఎక్కువ పడుతుంది. నాకైతే గాలి తగిలే మామూలు రిజర్వేషన్ సీటే ఇష్టం. డిసెంబరు శని, ఆదివారాల్లో జనరల్ పెట్టె జోలికి మాత్రం పోకండి, కాలు పెట్టే చోటుండదు.

రోడ్డుకున్న సుఖం వేరు: ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. అనంతగిరి కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి, అవి రైల్లోంచి చూసేవి కావు, దిగి చూసేవి. గాలికొండ వ్యూపాయింటూ అంతే. మసాలా పట్టించిన కోడిమాంసం బొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చే బొంగు చికెన్ కోసం రైలు ఆగదు కదా! ఘాట్ మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే ఎక్కేముందు కడుపునిండా టిఫిన్ పెట్టకండి.

ఇక తిరుగు ప్రయాణం. కిరండూల్ నుంచి వచ్చే బండి అరకు చేరేసరికే సాయంత్రం. చలికాలంలో అయిదున్నరకే పొద్దుగూకుతుంది, పైగా బండి ఆలస్యమైతే లోయంతా చీకట్లోనే దాటిపోతుంది. డబ్బిచ్చి సొరంగాలు, ఆ పక్కన చీకటి చూసి రావడం దేనికి? పర్యాటక సంస్థ వాళ్ళ ప్యాకేజీ కూడా చాలాకాలంగా ఇదే పద్ధతి: వెళ్ళడం రైల్లో, రావడం బస్సులో.

ఒక్కరోజే ఉంటే అరకు దాకా రైల్లో పోనక్కర్లేదు. బొర్రాగుహలు స్టేషన్లో దిగిపోండి. గుహలు దగ్గరే. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్ తప్పిపోతుంది నిజమే, కానీ శివలింగపురం నుంచి బొర్రా దాకా ఉన్న నిలువు ఎక్కుడు చూసేసినట్టే. విశాఖలో మాట్లాడుకున్న కారుని నేరుగా బొర్రాకి రమ్మంటే అక్కణ్ణుంచి గాలికొండ మీదుగా అరకు వెళ్ళి, గిరిజన మ్యూజియం చూసి దిగొచ్చు. ఘాట్‌లో మంచు దిగకముందే, నాలుగింటికల్లా బయల్దేరతామని డ్రైవరుకి పొద్దున్నే చెప్పేయండి.