3 టెస్లా ఎమ్మారైలో డైఎలక్ట్రిక్ ప్యాడ్: చాన్నాళ్ళు వాడాక నా రివ్యూ

నేను ఎమ్మారై టెక్నీషియన్‌ని, మా 3 టెస్లా మెషీన్ (టెస్లా అంటే అయస్కాంత బలం కొలత) మీద ఈ ప్యాడ్, అంటే రేడియో తరంగాన్ని సర్ది ఇమేజ్‌లో నల్లటి నీడలు తగ్గించడానికి ఒంటి మీద వేసే మెత్త, చాలా కాలంగా వాడుతున్నా, కొనాలా వద్దా అని అడిగేవాళ్ళ కోసం రాస్తున్నా.

అసలు గొడవ ఎక్కడంటే, 1.5 టెస్లాలో రేడియో తరంగం 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లాలో 128. దాంతో ఒంట్లో వేవ్‌లెంగ్త్ సగానికి సగం పడిపోయి దగ్గర దగ్గర 26 సెంటీమీటర్లకి వచ్చేస్తుంది, అంటే ఇంచుమించు పొట్ట సైజే, ఇక తరంగాలు లోపల ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఒకచోట తెల్లగా ఇంకోచోట నల్లగా పడుతుంది. కడుపులో నీరు చేరినవాళ్ళకైతే మరీ ఘోరం.

లివర్ పాడై పొట్ట బాగా ఉబ్బిన ఒక పెద్దాయనకి టీ2 (నీరు తెల్లగా కనపడే రకం స్కాన్) తీస్తే లివర్ లెఫ్ట్ లోబ్ (ఎడమ భాగం) మొత్తం నల్లటి నీడలో మునిగిపోయింది. పొట్ట మీద ప్యాడ్ వేసి, పైన కాయిల్ (సిగ్నల్ అందుకునే పరికరం) కట్టి, ప్రీస్కాన్ (స్కాన్‌కి ముందు మెషీన్ చేసుకునే సర్దుబాటు) మళ్ళీ చేసి అదే స్కాన్ నడిపా. నీడ పూర్తిగా పోలేదు గానీ లోబ్ అంచు, లోపలి రక్తనాళాలు తేటగా కనపడ్డాయి, మా రేడియాలజిస్ట్ మేడమ్ ఇది చాలు అన్నారు. ప్రీస్కాన్ మాత్రం ఎవరూ వదిలేయకండి.

లోపల ఉండేది కాల్షియం టైటనేట్ లేదా బేరియం టైటనేట్ పొడిని భారజలంలో (బరువైన హైడ్రోజన్ ఉండే నీరు) కలిపిన ముద్ద. మామూలు నీళ్ళు పోస్తే ప్యాడే ఇమేజ్‌లో మెరుస్తుంది, భారజలం అయితే కనపడదు. పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే కొలత, ఎక్కువైతే ప్యాడ్ ప్రభావం ఎక్కువ) కాల్షియం రకానికి 110 దాకా, బేరియం రకానికి 300 దాకా ఉంటుంది, అందుకే బేరియంది పల్చగా ఉన్నా పనిచేస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి. బరువుంటుంది, ఊపిరి బిగపట్టలేని పేషెంట్లు ఇబ్బంది పడతారు, ఏసీ రూమ్‌లో చల్లగా తగులుతుంది కాబట్టి కింద దుప్పటి మడత వేస్తా. అన్నిటికన్నా పెద్ద సమస్య ఆరిపోవడం, వాడగా వాడగా నీరు తగ్గి అంచులు గట్టిపడతాయి, ఆ ప్యాడ్ వేసినా వేయకపోయినా ఒకటే. అందుకే అప్పుడప్పుడు చేత్తో నొక్కి చూస్తుంటా, ముద్ద అంతటా ఒకేలా మెత్తగా కదలాలి.

1.5 టెస్లా వాళ్ళకి ఇది దండగ. రెండు ఛానెళ్ళ ట్రాన్స్‌మిట్ (రేడియో తరంగాన్ని రెండు దారుల్లో విడివిడిగా సర్ది పంపే పద్ధతి) ఉన్న కొత్త 3 టెస్లా అయితే ముందు అది ఆన్ చేసి చూడండి, చాలా కేసులకి సరిపోతుంది. పాత 3 టెస్లా మీద లివర్, గర్భిణుల స్కాన్లు ఎక్కువ వచ్చే చోట మాత్రం తప్పకుండా తీసుకోండి, ఆర్డర్ పెట్టేటప్పుడు ఎప్పుడు తయారైందో అడిగి మరీ తీసుకోండి.