ఆకుపచ్చ రంగు సీసా, బోనాల సోమవారం

ముందు తిట్టు, తర్వాత మెచ్చుకోలు. సూక్ష్మదర్శినిలో కణాల లోపలి పోగులను మెరిపించి చూపే ఫాలోయిడిన్ అనే రంగును తెప్పించాం, అది సరిగ్గా బోనాల సెలవు రోజున తార్నాకలోని మా ల్యాబ్‌కు చేరింది. తలుపుకు తాళం. తెచ్చినతను ఫోనైనా చేయకుండా థర్మాకోల్ పెట్టెను వాచ్‌మన్ కుర్చీ కింద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు తెరిస్తే ఐసు సంచుల్లో గోరువెచ్చని నీళ్లు. డీలరేమో "ఏమీ కాదు మేడమ్, వాడి చూడండి" అన్నాడు.

వాడి చూశాను. పొడిగా వచ్చిన రంగుకు నిజంగానే ఏమీ కాలేదు.

ఫాలోయిడిన్ ఒక విషపు పుట్టగొడుగులో ఉండే పదార్థం. కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులను మాత్రమే పట్టుకుంటుంది, విడి ఆక్టిన్‌ను ముట్టుకోదు. నేను చూసేది టీ కణాలను, అంటే ఒంట్లోకి వచ్చే రోగకారకాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలను. యాంటీబాడీ పూసిన గాజు పలక మీద వేస్తే, శత్రువు దొరికిందనుకుని పెనం మీద అట్టులా పరుచుకుంటాయి. అంచు చుట్టూ ఆక్టిన్ వలయం. దాని లోపల చిన్న చిన్న చుక్కలు. నాకు కావలసినవి ఆ చుక్కలే, ఎందుకంటే వాటిని కట్టించేది వాస్ప్ అనే ప్రొటీన్. అది ఆర్ప్2/3 అనే ప్రొటీన్ల గుంపును తట్టి లేపితే కొత్త ఆక్టిన్ కొమ్మలు మొలుస్తాయి. ఈ ప్రొటీన్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. అది చెడితే, ఎక్కువగా మగపిల్లలకు, విస్కాట్-ఆల్డ్రిచ్ జబ్బు వస్తుంది: ఎగ్జిమా, రక్తస్రావం, తెరిపిలేని ఇన్ఫెక్షన్లు. విస్కాట్ అనే వైద్యుడు 1937లోనే వర్ణించిన ఈ జబ్బుకు కారణమైన జన్యువు దొరికింది 1994లో.

పాత చవక రంగుతో వలయం కనిపించేది, చుక్కలు మసకలో కలిసిపోయేవి. దీనితో విడివిడిగా లెక్కపెట్టగలిగాను. వాస్ప్ తీసేసిన కణాల్లో వలయం అలాగే ఉంది, చుక్కలు మాత్రం పలచబడిపోయాయి. వలయం పని వేవ్2 అనే మరో ప్రొటీన్ చూసుకుంటుంది మరి. ఆ రాత్రి కన్ఫోకల్ సూక్ష్మదర్శిని ఉన్న గదిలో ఏసీ చలి కూడా తెలియలేదు.

లోపం ఒకటుంది. కణాలను మెథనాల్‌తో స్థిరపరచకూడదన్న మాట కరపత్రంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మైక్రోట్యూబుల్స్ అనే మరో రకం పోగులను చూసే అలవాటుతో నేను చల్లని మెథనాలే పోశాను. ఆక్టిన్ పోగుల ఆకారం చెడి, రెండు పలకలు నల్లగా మిగిలాయి. ఫార్మాల్డిహైడ్ వాడాకే వెలుగు వచ్చింది.

రంగుకు అయిదుకు నాలుగున్నర, డెలివరీకి ఒకటి.

అదే పెట్టెలో వచ్చిన, వాస్ప్‌ను పట్టి చూపాల్సిన యాంటీబాడీ సంగతి వేరు. అది వాస్ప్ లేని కణాల్లోనూ మెరిసింది. వేడికి పాడైతే మామూలుగా వెలుగు తగ్గాలి గానీ, లేని ప్రొటీన్‌ను చూపిస్తుందా? అందుకే వాచ్‌మన్ కుర్చీని నిందించలేకపోతున్నాను. ఫొటోలు జతచేసి డబ్బు తిరిగిమ్మని రాశాను. డీలర్ ఈసారి "వాడి చూడండి" అని కూడా అనడం లేదు.